మందు లేదు

జగ్గమ్మ అడుగు చిన్నదైపోతోందని ఊళ్ళో అందరికంటే ముందు కనిపెట్టింది ఆమె కోడలు గురమ్మే. కనిపెట్టి ఊరుకుంటే బాగుండేది. నలుగురికీ చెప్పింది. ఆ తరవాత ఆ నలుగురే అడిగారు, అందరికంటే ముందు నీకే ఎలా తెలిసిందే అని.

గెడ్డవలస రాజాంకి నాలుగు మైళ్ళు. వరి నాట్లని అక్కడ ఉభాలంటారు. ఉభాలు వేసే ఆడవాళ్ళ జట్టుకి జగ్గమ్మ ముప్పై ఏళ్ళు పెద్దగా ఉంది. ఏ మడికి ఎన్ని కట్టల ఆకు, అంటే నారు, పడుతుందో గట్టు మీద నిలబడి ఒక్క చూపులో చెప్పేసేది. చెప్పినదాంట్లో ఒక్క కట్ట మిగిలినా, తగ్గినా ఆ రోజంతా మొహం మాడ్చుకునేది. వంగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాటుకుంటూ పోతుంటే పక్కవాళ్ళు ఆమెని అందుకోలేక లోపల తిట్టుకునేవారు. గురమ్మ కాపురానికి వచ్చిన ఏడు ఆమె పక్కనే నాటింది. ఆ రోజు అత్త తిట్టిన తిట్లు ఇరవై ఎనిమిదేళ్ళయినా మర్చిపోలేదు. మా అత్త మంచిదని గురమ్మ ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. గయ్యాళిదని మాత్రం నూతి దగ్గర చాలాసార్లు అంది. ఏ కోడలు అనలేదు గనక! కానీ అత్తని మంచిదని అని ఉండాల్సిన అవసరం తనకొక్కదానికే వస్తుందని ఆమెకేం తెలుసు.

విశాఖపట్నంలో ఉక్కు గొడవలు జరిగిన ఏడు మొదలైంది మరుపు. మొదట కట్టల లెక్క తప్పింది. తరవాత ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేసింది. తరవాత పెద్ద మనవరాలికి పెళ్ళయిపోయిన సంగతి మర్చిపోయి, గుంట ఏదీ, ఇంకా రాలేదేం అని వీధిలోకి వెళ్ళి నిలబడేది. డెబ్బై దాటిన మనిషి, చాదస్తం అనుకున్నారు. అనుకోవడంలో తప్పులేదు. గురమ్మా అలాగే అనుకుంది.

కానీ ఏడాది తిరిగేసరికి కాళ్ళకి వచ్చింది. బారలు వేసే మనిషి మడమ దగ్గర మడమ పెట్టి నడవసాగింది. నడిచేటప్పుడు చేతులు ఊగేవి కావు. వెనక్కి తిరగమంటే ఒక్కసారి తిరగలేక, ఉన్నచోటే పది చిన్న చిన్న అడుగులు వేసి తిరిగేది. పిలిస్తే మొహంలో ఏమీ కదిలేది కాదు. కోపమొచ్చిందో సంతోషమొచ్చిందో తెలిసేది కాదు. రెండుసార్లు పెరట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెల్లకిలా పడిపోయింది. అన్నిటికంటే వింత, గడప. వీధిలో ఎలాగో నడిచి వచ్చేది. ఇంటి గడప ముందుకి వచ్చేసరికి ఎవరో పాదాలు పట్టుకున్నట్టు ఆగిపోయేది. లోపలికి రా అత్తా అంటే కాళ్ళకేసి చూసుకునేది తప్ప అడుగు పడేది కాదు. గురమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి ఎత్తి దాటించేది.

ఆ ఎత్తడం ఆడపడుచు నారాయణమ్మ కంట పడింది. నారాయణమ్మ గురమ్మ మొగుడు అసిరయ్యకి అక్క. మూడు మైళ్ళ అవతల ఊళ్ళో ఇచ్చారు. ఆర్నెల్లకో పూట వచ్చి, అమ్మని చూసి, బుట్టెడు వంకాయలు పట్టుకుపోయేది. ఆ పూట వచ్చేసరికి మరదలు తన తల్లిని బస్తాని ఎత్తినట్టు ఎత్తుతోంది. తల్లి కూతురి మొహం చూసి, "ఎవరు నువ్వు? ఏటి పనిమీదొచ్చినావు?" అంది.

నారాయణమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక తమ్ముణ్ణి పక్కకి తీసుకెళ్ళింది. అసిరయ్య యాభై ఏళ్ళవాడు, నోట్లో మాట లేనివాడు. ఎవరు ఆఖర్న చెప్తే ఆ మాట నిజమనుకునే రకం.

"ఒరే అసిరీ, అమ్మకి మందెట్టీసినార్రా" అంది.

మందు పెట్టడమంటే ఏమిటో ఆ ప్రాంతంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అన్నంలోనో మజ్జిగలోనో ఏదో కలిపి తినిపించి, ఎదుటి మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకోవడం. మొగుడికి పెడతారు, అత్తకి పెడతారు. పెట్టినవాళ్ళని ఎవరూ చూసి ఉండరు గానీ తిన్నవాళ్ళని మాత్రం ప్రతి వీధిలోనూ చూపిస్తారు. గయ్యాళి అత్త నోరు ఒక్కసారిగా పడిపోయింది, కాళ్ళూ పడిపోయాయి, కోడలు ఎటు ఎత్తితే అటు పోతోంది. ఇంకేం కావాలి? వారం తిరిగేసరికి గురమ్మ నూతి దగ్గరకి వెళ్తే మాటలు ఆగిపోవడం మొదలైంది. శ్రీకూర్మం యాత్రకని చందా పోగుచేస్తున్న ఆడవాళ్ళు అందరి గుమ్మాలూ ఎక్కి, ఆమె గుమ్మం దాటుకుని వెళ్ళిపోయారు. నూతి దగ్గర బుల్లమ్మ ఒక్కతే ఆమె బిందెకి చెయ్యి వేసేది. జగ్గమ్మ తరవాత ఉభాల జట్టుకి ఆ బుల్లమ్మే పెద్ద అయింది.

"ఆలమాటలకేటి గానీ, ఒకసారి పెద్దాసుపత్రికి అట్టుకెల్లీండి. డాట్రు సెప్తే నోరు మూస్తారు" అంది బుల్లమ్మ.

ఆ మాట గురమ్మకి నచ్చింది. మొగుణ్ణి వేధించి, బండి కట్టించి, రాజాంలో బస్సెక్కించి, అత్తని మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అత్తకి నయం కావాలని ఆమె మనసులో లేకపోలేదు. కానీ అంతకంటే ముందు తన పేరు బాగుపడాలని ఉంది. ఆ రెండిటికీ తేడా ఉందని ఆ రోజున ఆమెకి తట్టలేదు.

డాక్టరమ్మ లీలారాణి నెమ్మదస్తురాలు. తెల్ల చీర, సన్నటి ఫ్రేము కళ్ళద్దాలు. జగ్గమ్మని కూర్చోబెట్టి మోచెయ్యి పట్టుకుని వంచబోయింది. చెయ్యి వంగలేదు. వదులుగా ఉంచమ్మా అని గట్టిగా వంచబోతే అంతకంత గట్టిగా బిగిసింది. వదిలేస్తే వదులైంది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ బిగిసింది. మొండికేస్తోందని అసిరయ్య సిగ్గుపడి, "అలగ సెయ్యకే అమ్మా" అన్నాడు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నడిపించి చూసింది. ఈ నెల ఏమిటమ్మా అని అడిగింది. జగ్గమ్మ చాలాసేపు ఆలోచించి, "ఆకు తియ్యాల" అంది.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"మొదట మరుపు వచ్చింది కదా? నడక తరవాత పాడైంది కదా? రెండూ ఒకచోటి నుంచే వస్తున్నాయి. మెదడు అరిగిపోతోంది. కాళ్ళలో లోపం లేదు, మొండితనమూ కాదు. ముందు ముందు అసలు నడవలేదు. మంచాన పడుతుంది. మాట పోతుంది. తినడానికి నోరు తెరవడం కూడా మర్చిపోతుంది. ఎన్నాళ్ళకి అంటే చెప్పలేను. మీరు ఓపికగా చూసుకోవాలి. దీనికి మందు లేదు."

గురమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

"ఏటమ్మా? మల్లీ సెప్పండి."

"మందు లేదమ్మా" అంది డాక్టరమ్మ, ఆ మాట రెండోసారి చెప్పాల్సి వచ్చినందుకు బాధపడుతూ.

గురమ్మ రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దండం పెట్టింది. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. నయం కాదని చెప్తే ఇంత సంతోషపడే కోడల్ని డాక్టరమ్మ తన సర్వీసులో చూసి ఉండదు. ఆవిడ ఏమనుకుందో ఏమో, మొహం తిప్పుకుని తరవాతి మనిషిని పిలిచింది.

బస్సు దిగిన దగ్గర్నుంచి గురమ్మ నోరు ఆగలేదు. ఎదురైనవాళ్ళకల్లా చెప్పింది. "సూసినారమ్మా, సేతులూ కాళ్ళూ అన్నీ సూసినారు. సూసి, మందు నేదు అని సెప్పీసినారు. ఒకపాలి కాదు, రెండుపాల్లు సెప్పినారు. సెప్పు మావా, సెప్పనేదేటి?"

"సెప్పినాది" అన్నాడు అసిరయ్య నేలకేసి చూస్తూ.

అతనికి అర్థమైంది. నోట్లో మాట లేనివాడే గానీ తెలివి లేనివాడు కాదు. డాక్టరమ్మ ఏ మందు లేదందో అతనికి బాగా తెలుసు. పెళ్ళాం మొహంలో ఆర్నెల్ల తరవాత కళ కనిపిస్తుంటే చెప్పలేకపోయాడు. ఆ రోజు చెప్పేసి ఉంటే గురమ్మ ఒక పూట ఏడ్చి ఊరుకునేది. మంచివాళ్ళమనుకునేవాళ్ళు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

నెలరోజులు గురమ్మ తల ఎత్తుకు తిరిగింది. నారాయణమ్మ కూడా కిక్కురుమనలేదు. పెద్దాసుపత్రి మాట అంటే మాటే కదా. ఇంతలో వానలు పడ్డాయి, ఉభాలు మొదలయ్యాయి.

అత్తని ఒక్కదాన్నీ ఇంట్లో వదలలేక గురమ్మ తనతో మడి దగ్గరకి తీసుకెళ్ళింది. గట్టు మీద గొడుగు పాతి కూర్చోబెట్టింది. జట్టు వంగింది. నాలుగు వరసలు పడ్డాక, బుల్లమ్మ కెవ్వున అరిచింది. చూస్తే జగ్గమ్మ గట్టు దిగి మడిలో ఉంది. మోకాలిలోతు బురదలో నడుం వంచి, ఎడమచేత్తో ఆకు పట్టుకుని, కుడిచేత్తో నాటుతోంది. నాటి, ఒక అడుగు వెనక్కి. నాటి, ఇంకో అడుగు వెనక్కి. ఎక్కడా తడబాటు లేదు. ఈ నెల ఏదో తెలియని మనిషి, కూతురి మొహం తెలియని మనిషి, తాడు పట్టి కొట్టినట్టు మూడు వరసలు నాటేసింది.

గురమ్మ బురద చేతుల్తోనే చప్పట్లు కొట్టింది. నవ్వింది, ఏడ్చింది. "సూడండి! మందు తిన్న మనిసి నాటే నాటేనా ఇది? సూసి సెప్పండి!" అని పక్క మళ్ళల్లోవాళ్ళని కూడా పిలిచింది. అందరూ వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. చూసి, తమలో తాము ఏదో అనుకున్నారు. ఆ అనుకోవడం తన మంచికే అనుకుంది గురమ్మ.

సాయంత్రం జట్టంతా వాళ్ళ వెనకే ఊళ్ళోకి వచ్చింది. జగ్గమ్మ చిన్న చిన్న అడుగులతో వీధంతా నడిచింది. ఇంటి ముందుకి వచ్చింది. గడప దగ్గర ఆగిపోయింది. గురమ్మ మెల్లగా తోసింది. కదల్లేదు. బతిమాలింది. కదల్లేదు. అందరి ముందూ ఎత్తడానికి మొహమాటపడి అలాగే నిలబడింది. పదిహేనుమంది ఆడవాళ్ళు వీధిలో నిలబడి ఆ ముసలిదాని కాళ్ళకేసే చూస్తున్నారు.

నోరు విప్పింది బుల్లమ్మే. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అంది.

"మడిలో తిరిగింది. ఈదిలో నడిసింది. గడప కాడే కాళ్ళు కట్టీసినట్టు ఆగిపోనాది. ఈ గడప కిందేటున్నాదే గురమ్మా?"

ఆ ఒక్క మాటతో ఊరికి అంతా తేటతెల్లమైపోయింది. ఆసుపత్రివాళ్ళు చూసింది కడుపులో మందు. అది లేదన్నారు, నిజమే. లోపలికి పెట్టలేదు కాబట్టే లేదన్నారు. గడప కింద పెట్టింది కాబట్టే అవతల బాగుంటుంది, ఇక్కడికి రాగానే ఆగిపోతుంది. తన పేరు నిలబెట్టుకోవడానికి గురమ్మ పదిమందిని పిలిచి చూపించిన చూపే ఆమె మెడకి చుట్టుకుంది.

మర్నాడు తెల్లారేసరికి నారాయణమ్మ గునపంతో దిగింది.

గురమ్మ అడ్డం పడలేదు. "తవ్వు ఒదినా, నువ్వే తవ్వు. నాకేటి బయ్యం?" అని తనే అరుగు మీది సామాను తీసి పక్కన పెట్టింది. అసిరయ్య తవ్వాడు. అతను ఏడాది పిల్లాడప్పుడు కట్టిన ఇల్లు అది. గడప చెక్క లేపి మూరెడు లోతు తవ్వేసరికి ఒక గుడ్డమూట తగిలింది. నల్లగా చివికిపోయింది. విప్పితే మసిబారిన గింజలు, ఒక రాగి దమ్మిడీ, సన్నటి మెత్తటి వెంట్రుకల చిన్న ముడి.

వెంట్రుకలు చూసి జనం వెనక్కి జరిగారు.

ఇల్లు కట్టినప్పుడు గడప కింద నవధాన్యాలూ దమ్మిడీ వెయ్యడం ఎవరింట్లో లేదు? కానీ వెంట్రుకలు ఎవరూ వెయ్యరు. గురమ్మకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. కొత్త కాపురంలో ఒకసారి, తనకి మొదటి కాన్పు పోయి ఏడుస్తుంటే, అత్త పక్కన కూర్చుని చెప్పిన మాట. జగ్గమ్మ జీవితంలో కోడలితో మెత్తగా మాట్లాడిన రోజు బహుశా అదొక్కటే.

"అయ్యి మావ పుట్టెంటికలు!" అని అరిచింది గురమ్మ. "ఒదిన తరవాత ఇద్దరు మొగబిడ్డలు పోనారట. ఈయన పుట్టినాక, గడప దాటి ఎల్లిపోకుండా, తలనీలాల్లోంచి ఓ ముడి దాసి అత్తే ఎట్టింది గడప కింద. నాకు సెప్పింది. తన నోటితోటి సెప్పింది!"

"నాకు సెప్పలేదేటి?" అంది నారాయణమ్మ. ఆమె గొంతులో కోపంకంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. "కడుపున పుట్టినదాన్ని నాను. నాకు సెప్పని మాట నీకు సెప్పిందా? కూతుర్ని కాదని కోడలికి సెప్తాదేటే ఏ తల్లైనా?"

గురమ్మ మొగుడి వైపు తిరిగింది. "సెప్పు మావా. డాట్రమ్మ ఏటన్నాది? మందు నేదనలేదేటి?"

అసిరయ్య గునపం కింద పెట్టాడు. అరచేతిలో తన పుట్టువెంట్రుకలే ఉన్నాయి. అవి తనవని నమ్మలేక వేళ్ళు ముడవడానికే జంకుతున్నాడు.

"ఆవిడ సెప్పింది ఆ మందు కాదే" అన్నాడు. "ఈ జబ్బు కుదర్సడానికి మందు నేదని సెప్పింది. నువ్వు ఎర్రిదానిలా ఊరంతా సెప్పుకున్నావు. నాను ఊరుకున్నాను."

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు గురమ్మకి గునపం దిగినట్టు దిగింది. ఇన్నాళ్ళూ తను చెప్తుంటే వింటున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసో, ఎంతమంది లోపల నవ్వుకున్నారో! ఇక మిగిలింది ఒక్కతే సాక్షి. ఆమె అరుగు మీద గోడకి చేరగిలబడి దవడ ఆడిస్తూ కూర్చుంది.

గురమ్మ ఆ మూట తీసుకెళ్ళి జగ్గమ్మ చేతిలో పెట్టి కాళ్ళు పట్టుకుంది. "అత్తా, నువ్వు ఎట్టినదే కదా ఇది? నీ కొడుకు నీలాలే కదా? నీకు దండవెడతాను. జన్మంతా నన్ను తిట్టినావు, నాను ఏటీ అనలేదు. ఈ ఒక్క మాట సెప్పీ. ఒక్క మాట."

జగ్గమ్మ చెయ్యి మూట మీద బిగుసుకుంది. అంతే. ఆమె చేతిలో ఏది పెట్టినా అలాగే బిగుసుకుంటుంది, వారం కిందట చీపురు పుల్ల పెడితే పూటంతా వదల్లేదు. అసిరయ్య లాగబోతే ఇంకా బిగిసింది. ముసలి కళ్ళు ఎటో చూస్తున్నాయి. "సూసినారా, తనకి ఎట్టిన మందేదో తనే అట్టుకుని సూపిత్తంది" అంది జనంలోంచి ఒకామె. అందరూ తలలూపారు.

ఆ మధ్యాహ్నమే నారాయణమ్మ తల్లిని బండెక్కించుకుని తన ఊరు తీసుకుపోయింది. ఈ ఇంటి గాలి తగలకపోతే నెలలో లేచి తిరుగుతుందని అందరి ముందూ చెప్పి మరీ వెళ్ళింది.

ఆ మాట పట్టుకుని గురమ్మ నాలుగు నెలలు బతికింది. అక్కడ అత్తకి నయం కాకపోతే తప్పు తనది కాదన్నట్టే కదా! ఆ ఊరి నుంచి ఎవరొచ్చినా ఆపి అడిగేది. లేచి తిరుగుతోందా? లేదంటే గుండెల్లో నెమ్మదిగా ఉండేది. ఇప్పుడు నిలబడనైనా లేకపోతోందంటే ఇంకా నెమ్మదిగా ఉండేది. చేతులు గుండెల మీదికి ముడుచుకుపోయాయనీ, మాట పూర్తిగా పడిపోయిందనీ రాజాం సంతలో ఒకామె చెప్పిన రోజు, గురమ్మ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని, హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. మందు పెట్టని మనిషి చేత కూడా అత్త చావు కోరించగలిగింది ఆ ఊరు. అంతకంటే పెద్ద మందు ఇంకేముంటుంది?

మార్గశిర మాసంలో బండి వచ్చింది. అందులో ఎండుగడ్డి మీద జగ్గమ్మ. నారాయణమ్మ నడుం పట్టేసి, ఒళ్ళు సగమై ఉంది. పాపం ఆమె చెయ్యలేదని అనడానికి లేదు, చేసీ చేసీ ఇక చెయ్యలేకపోయింది.

"నా వల్ల కాదు. ఎత్తబోతే బిగుసుకుపోతంది, ఒగ్గీస్తే పడిపోతంది" అంది, గురమ్మ మొహం చూడకుండా. "ఎవరు సేసిందానికి ఆలే సెయ్యాల."

"నీ ఇంట్లో ఉన్నాది కదా ఒదినా నాలుగు నెల్లు? గడప నాదా అక్కడ? మరి ఎందుకు తగ్గనేదు?" అని అడిగింది గురమ్మ. నాలుగు నెలలుగా దాచుకున్న ప్రశ్న అది. వీధిలోవాళ్ళకి కూడా వినపడాలని గట్టిగానే అడిగింది.

నారాయణమ్మ తడుముకోలేదు. "ఏళ్ళ తరబడి ఒంటికి అట్టీసిన మందు నాలుగు నెల్లకి దిగుతాదేటి?" అంది.

వీధిలోవాళ్ళకి అది నిజమే అనిపించింది. గురమ్మ ఆ తరవాత ఎవర్నీ ఏమీ అడగలేదు.

చాకిరీ మొదలుపెట్టింది. జగ్గమ్మ చెయ్యి చాపబోతే బిగుసుకునేది, అందుకని చాపడం మానేసి, వేడినీళ్ళ గుడ్డ వేసి, దానంతటది వదులయ్యేదాకా కూర్చునేది. మోకాళ్ళ మధ్య పాతచీర మడతలు పెట్టేది. రోజుకి నాలుగుసార్లు పక్కకి తిప్పేది. తిండి దగ్గరే కష్టం. ఒక్కోసారి పళ్ళు బిగబట్టి ఎంతకీ నోరు తెరిచేది కాదు. కంగారుపడితే ఇంకా బిగిసేది. దవడ మీద అరచేతితో మెల్లగా రాస్తూ, వేరే ఏదో మాట్లాడుతూ ఉంటే, కాసేపటికి నోరు తెరుచుకునేది. డాక్టరమ్మ ముందే చెప్పిందని గురమ్మకి గుర్తులేదు. ఆ రోజు ఆమె వేరే మాట వింది. ఇవన్నీ తనంతట తనే కనిపెట్టుకుంది. రాగిపిండితో కాచిన చోడంబలి ఒక గిన్నెడు తాగించడానికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

అత్తంటే ప్రేమతో చేసిందా అంటే, కాదు. చాలాసార్లు తిట్టుకుంటూ చేసింది. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి చావకూడదా అని మొహం మీదే అంది. కానీ చేసింది. చేస్తుంటే ఎవరూ చూడలేదు, అదొక్కటే లోటు.

ఉగాది వెళ్ళిన వారానికి నారాయణమ్మ, మొగుణ్ణీ తోడికోడల్నీ వెంటేసుకుని తల్లిని చూడ్డానికి వచ్చింది. పొద్దెక్కింది. అసిరయ్య కల్లం నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బుల్లమ్మ మజ్జిగ అడుగుదామని వచ్చి అరుగు మీద కూలబడింది. గురమ్మ సత్తు గిన్నెలో అంబలి పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. ముందురోజు సాయంత్రం నుంచి జగ్గమ్మ కడుపులోకి ఏమీ పోలేదు.

చెంచా పెదవుల దగ్గర పెట్టింది. పళ్ళు బిగిశాయి. అన్ని కళ్ళూ తన చేతి మీదే ఉన్నాయని తెలిసి గురమ్మ తొందరపడింది. దవడ రాయబోయింది, ఆ తొందరలో చేతికి మెత్తదనం రాలేదు. జగ్గమ్మ మెడ బిగబట్టి మొహం అటు తిప్పేసింది. అంబలి గెడ్డం మీదుగా కారింది.

"అదీ!" అంది నారాయణమ్మ. "మాట పోనాది గానీ మనసు పోనేదు మాయమ్మకి. ఎవరి సెయ్యో తెలుస్తన్నాది. నోరు కట్టీసింది సూడండి!"

"కాదొదినా, కాసేపు ఆగితే తెరుస్తాది. రోజూ ఇలాగే..."

"రోజూ ఇలాగేనా?" అన్నాడు నారాయణమ్మ మొగుడు.

అప్పుడు అసిరయ్య గుమ్మంలోంచి కదిలాడు. వచ్చి గురమ్మ చేతిలో గిన్నె అందుకున్నాడు. తల్లికి తను తాగిస్తాడు కాబోలనుకుంది గురమ్మ. కొడుకు చేతికి తెరిచినా తెరుస్తుంది, పోనీ, తాగితే చాలు, అనుకుని మంచం పక్కనుంచి జరిగి చోటిచ్చింది.

అతను కూర్చోలేదు. గిన్నె గురమ్మ మొహం ముందుకి చాపాడు.

"ముందు నువ్వు తాగు" అన్నాడు.

బుల్లమ్మ అరుగు మీదనుంచి లేచి లోపలికి తొంగిచూసింది. ముప్పై ఏళ్ళు తన చేతి కూడు తిన్న మనిషి కళ్ళల్లోకి గురమ్మ చూసింది. అక్కడ కోపం లేదు. భయం ఉంది. కోపమైతే ఆమె భరించేది.

గిన్నె తీసుకుంది. ఒక్క గుక్క తాగి ఇచ్చేస్తే సరిపోయేది, అందరూ అంతే అనుకున్నారు. ఆమె ఆపలేదు. మొగుడి మొహం మీదనుంచి చూపు తిప్పకుండా గుక్క తరవాత గుక్క తాగింది. అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకింది. బోర్లించిన గిన్నె నేల మీద పెట్టి, పైటతో మూతి తుడుచుకుని, వాళ్ళ ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది.

అందరూ ఆమెనే చూస్తూ కూర్చున్నారు. పొయ్యి మీద కుండ ఖాళీ. కాసేపటికి మంచం మీద జగ్గమ్మ దవడ వదులైంది. నోరు దానంతటదే తెరుచుకుంది, చాలాసేపు తెరుచుకునే ఉంది. ఆ నోట్లో పెట్టడానికి ఆ పూట ఇంట్లో ఏమీ లేదు. అది ఎవరూ చూడలేదు. అందరూ గురమ్మ ఎప్పుడు పడిపోతుందా అని చూస్తున్నారు.